కొలను మధ్యలో మామయ్య

ఐదింటికి పాత సామాన్లవాడు వస్తాడు. నాకింకా నలభై నిమిషాలున్నాయి.

"మీరు చేసిన ఆ డబ్బా పనిచేస్తే వంటింటి బల్లలో సగం మీది. చెయ్యకపోతే సాల్డరింగ్ ఐరన్‌తో సహా అంతా వాడి బండెక్కుతుంది," అని తేల్చేసింది మా ఆవిడ. పగలంతా లిఫ్టులు బాగుచేసే నాకు లోకంలో సొంత చోటంటే ఆ సగం బల్లే.

మామయ్య నడకకి వెళ్తే దారి తప్పుతారు. అందుకే జీపీఎస్, కదలికని పసిగట్టే సెన్సారు, సిమ్ కార్డు కలిపి ఓ యంత్రం చేశాను. ఆయన ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో నా ఫోనుకి మెసేజ్ వస్తుంది. ప్లాస్టిక్ పెట్టె పగిలిపోవడంతో బిస్కెట్ల రేకు డబ్బాలో బిగించాను. రేకు సిగ్నల్‌ని అడ్డుకుంటుందన్న సంగతి ఆ హడావుడిలో తట్టలేదు.

మామయ్య దాన్ని పట్టుకుని నడకకి వెళ్లిన కాసేపటికి ఫోను మోగింది. "పార్కు కొలను మధ్య. పరుగు."

మా ఆవిడ చదివింది. "మోకాళ్ల నొప్పులని మెట్లెక్కని మా నాన్న, నీళ్లలో పరిగెడుతున్నారా?"

"యంత్రం అబద్ధమాడదు."

"పదండి, చూద్దాం."

మామయ్య కొలను ఒడ్డున బెంచీ మీద కూర్చుని, డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని గలగలా ఊపుతున్నారు. సెన్సారు పరుగనుకున్నది ఆ ఊపునే! నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది.

మామయ్య నా మొహం చూశారు, కూతురి మొహం చూశారు.

"ఎక్కడున్నానంట, అల్లుడూ?"

"కొలను మధ్యలో, మామయ్యా."

"కూర్చునా?"

"పరిగెడుతూ."

ఆయన నిట్టూర్చి చెప్పులు విప్పారు. "మీ అత్తయ్య నా రేడియోలన్నీ బండెక్కించిన రోజు నా పక్కన ఒక్కడూ నిలబడలేదయ్యా," అంటూ పంట్లాం మోకాళ్ల పైకి మడిచి డబ్బాతో సహా నీళ్లలోకి దిగారు. సరిగ్గా మధ్యకి వెళ్లి పరుగందుకున్నారు. బాతులు చెల్లాచెదురయ్యాయి.

"నాన్నా, బయటికి రండి! బల్ల ఆయన్నే ఉంచుకోమనండి, మీకు దండం పెడతాను!"

"నువ్వుండమ్మా! ఇప్పుడెక్కడున్నాను, అల్లుడూ?"

ఫోను చూశాను.

"పోస్టాఫీసు కప్పు మీద, మామయ్యా. పడుకుని."

ఆయన ఒడ్డెక్కి, తోటమాలి నిచ్చెన భుజానికెత్తుకున్నారు.