నాలుగు స్నానాల తర్వాత

తలకు సబ్బు రాసుకున్నాక నీళ్ళు ఆగిపోవడం ఆ వారంలో అది నాలుగోసారి. కళ్ళు భగ్గుమంటుంటే ఆమె గోడ తడుముకుంటూ కుళాయి మొత్తం తిప్పింది. చుక్క లేదు. ఆఫీసు బస్సుకు ఇరవై నిమిషాలే ఉంది.

"ఇందాక మేమంతా చేశాం కదా, మాకెవరికీ ఆగలేదే," అన్నాడు భర్త తలుపవతల నుంచి.

"కొందరు అడుగుపెడితే బావులు కూడా ఎండిపోతాయి," అంది అత్తగారు. ఇలాంటి మాటలు ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ ఇంట్లో స్నానాలకో వరస ఉంది. ముందు మామగారు, తర్వాత భర్త, కూతురు, అత్తగారు. అందరి టిఫిన్లూ అయ్యి, వంటగట్టు తుడిచాక కోడలు. ఇది ఎవరూ రాసిపెట్టలేదు. పదకొండేళ్ళుగా ఎందుకని తనూ అడగలేదు, ఆ సంగతి తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది.

ఆదివారం మిగతావాళ్ళ స్నానాలవుతుంటే వెళ్ళి బావి మోటారు పక్కన నిలబడింది. కుళాయి తిప్పితే ముందు పక్కనున్న ప్రెషర్ ట్యాంకులో నిలవున్న నీళ్ళు రావాలి, అవి తగ్గాకే మోటారు తిరగాలి. ఇక్కడేమో మోటారు రెండు క్షణాలు తిరగడం, ఆగడం, మళ్ళీ తిరగడం. నాలుగో స్నానం అయ్యేసరికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కి దానంతటదే ఆగిపోయింది. ఇక అయిదో మనిషికి నీళ్ళెక్కడివి? ట్యాంకు నెత్తిన సైకిల్ ట్యూబుకుండేలాంటి వాల్వు ఉంటే గోటితో నొక్కింది. గాలి రావాల్సింది, నీళ్ళు మొహాన చిమ్మాయి.

"లోపల గాలినీ నీళ్ళనీ వేరుచేసే రబ్బరు సంచి చిరిగినట్టుంది. ట్యాంకు మార్చాలి," అంది భర్తతో.

"నీకెందుకివన్నీ," అని అతను ప్లంబర్‌ని పిలిచాడు.

ప్లంబర్ అదే వాల్వు నొక్కి, మొహం తుడుచుకుని, "సంచి చిరిగింది సార్. కొత్త ట్యాంకు రావడానికి వారం పడుతుంది," అన్నాడు.

"నేనప్పుడే అనుకున్నా," అన్నాడు భర్త. మిషన్ల విషయంలో మావాడు చిన్నప్పట్నుంచీ అంతేనని అత్తగారు ప్లంబర్‌కి చెప్పుకొచ్చింది. కోడలికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. చెంప మీద చిమ్మిన నీళ్ళు ఆరాయో లేదో, అప్పుడే తన మాట ఇంకొకరిదైపోయింది.

ప్లంబర్ వెళ్ళాక భర్త ఉదారంగా అన్నాడు: "ఈ వారం రోజులూ నువ్వు ముందే బకెట్‌లో నీళ్ళు పట్టి పెట్టుకో."

"బకెట్ మీరు పట్టుకోండి. రేపట్నుంచి మొదటి స్నానం నేను చేస్తాను."

అతను తండ్రి గది వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "సరే. కొత్త ట్యాంకు వచ్చేదాకానేగా?"

"వచ్చాక కూడా," అంది.