పదమూడు మంది గది

ఖిదిర్‌పూర్ రేవు కూలీల లైన్లలో ఉండే కాసులమ్మ, కూతురు హైమ మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని బడికి వెళ్ళింది. మూడో తరగతిలో పిల్ల లేదు. విరిగిన బల్లలు పడేసే వెనక గదిలో ఉంది. కిటికీలోంచి చూస్తే పదమూడు మంది పిల్లలు నేలమీద కూర్చున్నారు. పంతులు లేడు. బయట గొళ్ళెం పెట్టి ఉంది.

"ఏటిది?" అని బడి ఊడ్చే అప్పమ్మని అడిగింది.

"నెల్లాల్లయింది. తలుపు మీద రాసినారు సూడు, జడబుద్ధి పిల్లలని. ఆఫీసరొకడొచ్చి బొమ్మలు సూపించి బెంగాలీల అడిగినాడు. సెప్పనేనోలందర్నీ ఇందుల ఏసీసినారు."

మనిషికి రెండు నిమిషాల పరీక్ష. ఏ పిల్లకి ఏది రాదో, ఎందుకు రాదో తెలుసుకోవడానికి దొరగారికి అంతకన్నా తీరిక లేదు. పదకొండు మందికి ఇంట్లో తెలుగే తప్ప బెంగాలీ రాదు. సింహాచలమ్మ కొడుక్కి అక్షరాలు తారుమారుగా కనిపిస్తాయి. హైమకి చెవులు సరిగా వినపడవు, ఆఫీసరు అడిగిందే వినపడలేదు. అందరికీ ఒకటే మందు, గొళ్ళెం.

కాసులమ్మకి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. తిమ్మిరెక్కిన కాలులా ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. గొళ్ళెం తీసి, డబ్బా కూతురి ఒళ్ళో పెట్టి ఇంటికొచ్చి, కడిగిన బియ్యమే మళ్ళీ కడిగింది.

సాయంత్రం కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా చేరారు. పార్టీ ఆఫీసు నుంచి మృత్యుంజయ దాదా వచ్చాడు. ఎర్రజెండా సర్కారు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు.

"దీదీ, సర్కారు మనది. మన సర్కారు మీద మనమే గొడవ చేస్తామా?" అన్నాడు హిందీలో.

"మనదైతే మన గుంటలకి గొల్లెమేటి?" అంది జగ్గమ్మ. ఆమె కొడుకు సోములు ఆ పదకొండు మందిలో ఒకడు.

దాదా హెడ్మాస్టరుతో మాట్లాడి మర్నాడు కబురు తెచ్చాడు. బెంగాలీ రాని పదకొండు మందినీ తరగతిలోకి తీసుకుంటారట. మిగతా ఇద్దరి సంగతి తరవాత చూస్తారట. దొరలకి తరవాత అంటే ఎప్పుడో లైన్లలో అందరికీ తెలుసు.

"పదకొండు మందైనా బాగుపడతారు కదేటి," అని రామమ్మ గొణిగింది. "సెవుడు గుంటకి ఏ గదైతే ఏటి?"

కాసులమ్మకి ఆ మాట తగలనైనా లేదు. తగలనందుకే భయమేసింది.

"మీ గుంటల్ని ఎల్లనీండి. నానేటీ అనుకోను," అంది.

జగ్గమ్మ బిందె దించింది. "రేవు గేటుకాడ ఒక్కడి పని కార్డు ఆపీస్తే ఆ గ్యాంగుల మిగతావోలు నోపలికి ఎల్తారేటి? గేటుకాడే కూకుండిపోరా? మన మొగోల్లకున్న నీతి మనకి నేదేటే రామమ్మా?"

రామమ్మ తలొంచుకుంది. "రేపు బడికాడ నానూ కూకుంటాను," అంది.

తెల్లారాక తల్లులంతా వెనక గదిలో పిల్లల పక్కన కూర్చున్నారు. హైమ చెవులకి డాక్టరు, సింహాచలమ్మ కొడుక్కి ఓపికగా నేర్పే పంతులు, మిగతావాళ్ళకి బెంగాలీ నేర్పే మనిషి కావాలన్నారు. గొళ్ళెం అప్పమ్మే ఊడబీకింది.

హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి పదకొండు పేర్లు పిలిచాడు. సోములు సగం లేచాడు. జగ్గమ్మ చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది. చివరి పేరు రామమ్మ కూతురిది. ఆ పిల్ల తల్లిని అతుక్కుని కదల్లేదు.

హైమ అందరి ముఖాలూ చూసి, వినపడనివాళ్ళు అరిచినట్టు అరిచింది. "అమ్మా, నా పేరు పిలిసినారేటి?"

కాసులమ్మ కూతురి గడ్డం పట్టుకుని, పెదవులు కనపడేలా మెల్లగా చెప్పింది. "నేదమ్మా. పిలిసినోలూ ఎల్లనేదు."

అప్పుడు నొప్పి తెలిసింది. ఏడ్చింది.

మధ్యాహ్నం పోలీసు వ్యాను వచ్చింది. కాసులమ్మతో పాటు ఏడుగురు తల్లుల్ని ఎక్కించుకుపోయారు.

మర్నాడు పొద్దున్న రేవు గేటు దగ్గర కూలీలకి పని పంచే సర్దారు పేర్లు పిలిచాడు. ఒక్క గ్యాంగూ లోపలికి వెళ్ళలేదు.