చప్పిడి కూడు

అక్కగారికి తెలియని వైద్యం లేదు. జలుబుకీ, నడుం నొప్పికీ, ఆఖరికి పక్కింటావిడ కోపానికీ ఆమె దగ్గర మందుంటుంది. ఆమె మాటకు ఎదురు చెప్పే మొనగాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు.

అంతటి మనిషీ ఇప్పుడు ఆపరేషన్ గది బయట కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుంది. లోపల బల్ల మీద చెల్లెలు ఉంది. కొన్నాళ్లుగా ఆ పిల్లకు ఉన్నట్టుండి గుండె దడ, ఒళ్లంతా చెమటలు, బీపీ ఆకాశానికి. స్కాన్ తీస్తే కిడ్నీ మీద నీటితిత్తి కనిపించింది. సూదితో నీరు లాగేస్తే పోతుందన్నాడు మొదటి డాక్టరు. సర్జన్ ఒప్పుకోక రక్తపరీక్ష చేయించింది. తిత్తి కిడ్నీది కాదు, దాని నెత్తినుండే అడ్రినల్ గ్రంథిది. చాలా అరుదైన రకం, బీపీని ఎగదోసే గడ్డ. సూది గుచ్చి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదే.

రెండు వారాలు మాత్రలు మింగి, ఉప్పూ నీళ్లూ దండిగా తీసుకుని రమ్మంది సర్జన్.

బీపీ మనిషికి ఉప్పా! డాక్టరమ్మ నోరు జారి ఉంటుందనుకుంది అక్కగారు. వంటిల్లు తన చేతిలోనే ఉందాయె. ఎవరికీ చెప్పకుండా చెల్లెలికి చప్పిడి కూడే పెట్టింది.

ఇంతలో నర్సు బయటికి వచ్చింది.

"ఇప్పటిదాకా బాగానే ఉందండీ. ఇంకాసేపట్లో గ్రంథి రక్తనాళం కట్టేస్తారు. అప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. దానికేగా ఉప్పు తినమన్నది, ఒంట్లో నీరు నిలవాలని."

అక్కగారు పక్కకు చూసింది. మరిది, చెల్లెలి మొగుడు, అక్కడే ఉన్నాడు. చెబితే రేపటి నుంచి ఇతని మొహం ఎలా చూడాలి? చెప్పకపోతే, దేవుడా, చూడ్డానికి చెల్లెలే మిగలదు! నర్సు అప్పటికే తలుపు మీద చెయ్యి వేసింది.

"అమ్మా, ఆగు! ఉప్పు వెయ్యలేదు. రెండు వారాలూ వెయ్యలేదు. నేనే."

"వదినా!" అంటూ లేచాడు మరిది.

నర్సు లోపలికి పరుగెత్తింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అక్కగారికి. మరిది గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె మూసిన తలుపుకే దణ్ణం పెట్టింది.

చివరికి సర్జన్ వచ్చింది. "గడ్డ తీసేశాం. బీపీ పాతాళానికి పోయిందండీ. మీరు చెప్పబట్టి ముందే సెలైన్లు ఎక్కించి ఉంచాం. లేకపోతే మనిషి దక్కేది కాదు."

మరునాడు చెల్లెలు మాట్లాడింది. "చప్పగా ఉందని మొదటి రోజే తెలిసిందక్కా. ఉప్పు తింటున్నావా అని డాక్టరమ్మ అడిగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. తింటున్నానన్నాను."

"నోట్లో ఏం పెట్టుకున్నావే, పిచ్చి మొద్దూ! నాతో ఒక్క ముక్క అంటే ఏం పోయింది?" గది దద్దరిల్లేలా అరిచింది అక్కగారు.

చెల్లెలు ఉలిక్కిపడి కళ్లు మూసుకుంది.

"ఇదిగో, ఇలా అరుస్తావనే."