మాటు వేసిన డబ్బా

భూమయ్య తెల్ల కోటు మీదే వాంతి చేసుకున్నాడు. మస్కట్ మత్రా రేవులో, గురువారం పట్టపగలు, నేవీ ఓడ పక్కన, నలభై మంది కూలీలు చూస్తుండగా. మా మేనేజర్ పానకాలరావు ముందు కోటు వైపు చూశాడు. తర్వాత కూడా కోటు వైపే చూశాడు.

"ఉతికించండ్రా. శనివారం మళ్లీ కావాలి."

1991. కువైట్ యుద్ధం ముగిసిన ఏడాది. దేశదేశాల యుద్ధనౌకలు మస్కట్‌లో ఆగి తిండి ఎక్కించుకునేవి. ఆ తిండి సప్లై చేసే కాంట్రాక్టు మా కంపెనీది. ఎన్ని ఫిరంగులున్నా ఓడ కదిలేది టిన్ను చేపల మీద, ఉల్లిగడ్డల మీద. ఆ సంగతి వాటిని మోసేవాళ్లకు అప్పటికింకా తట్టలేదు.

ఓడ వాళ్లకు ఒక రూలుంది. అధికారి దిగి వచ్చి తనకు తోచిన డబ్బా చూపిస్తాడు. దాన్ని అక్కడే విప్పి కంపెనీ మనిషి తినాలి. కంపెనీ మనిషంటే మేనేజరని వాళ్ల ఉద్దేశం. మా మేనేజర్ ఉద్దేశం వేరు. జగిత్యాల నుంచి వచ్చిన భూమయ్యకు నెరిసిన మీసం హుందాగా ఉందని, అతనికి తెల్ల కోటు తొడిగించి 'హెడ్ టేస్టర్' అని పేరు పెట్టాడు. కోటు విప్పగానే హెడ్ టేస్టర్ బస్తాలు మోయాలి.

ఇందులో నా వంతు కూడా చెప్పాలి. మా అమ్మ మేరీకుమారి మస్కట్‌లో నర్సు. నేను కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి వచ్చి, కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఈ వాంతికి రెండు నెలల ముందు పానకాలరావు పిలిచాడు.

"జెన్నిఫర్ అమ్మాయ్, నీకు సోల్డరింగ్ వచ్చుగా? డబ్బాలు కొంచెం లీకవుతున్నాయి. మనవాళ్లకు చూపించు."

లీకయ్యేవి కావవి. గోడౌన్ వేడికి లోపల చేప కుళ్లి ఉబ్బిన డబ్బాలు. సూదితో పొడిస్తే బుస్సుమని గాలి పోతుంది, ఉబ్బు దిగుతుంది. చిల్లుకు కరిగించిన సీసంతో మాటు వేస్తే మళ్లీ కొత్త సరుకే. నేను గణపతి అనే కూలీకి నేర్పాను. జొన్నగింజంత మాటు, నున్నగా వేసేవాడు. అంత బాగా నేర్పానని మురిసిపోయాను కూడా. ఒమన్‌లో నా డిప్లొమాకు దొరికిన మొదటి ఉపయోగం అది.

భూమయ్య తిన్నది అలాంటి డబ్బానే. శనివారం మళ్లీ చూస్తానని అధికారి ఓడెక్కేశాడు. పానకాలరావు ఆఫీసుకొచ్చి టైపు చేయమని నాకు లెటర్ చెప్పాడు. భూమయ్యకు ముందునుంచీ కడుపులో జబ్బుందట, దాచిపెట్టి పనిలో చేరాడట, శనివారం సాయంత్రం ఫ్లైటుకి ఇంటికి పంపేస్తున్నారట.

"సరుకు మంచిదేనమ్మా," అన్నాడు. "మనిషే పాడైపోయాడు."

"ప్రింటర్ పాడైంది సార్," అన్నాను. ఏ వైరు పీకాలో డిప్లొమాలో చెప్తారు.

అక్కడ సెలవు శుక్రవారమే, చర్చి కూడా ఆ రోజే. చర్చి అయ్యాక, అమ్మ ఇచ్చిన మందులు తీసుకుని అల్ అమెరాత్‌లోని కూలీల క్యాంపుకు వెళ్లాను. భూమయ్య మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. చుట్టూ రూములో పట్టినంత మంది, తక్కినవాళ్లు గుమ్మంలో.

"రోగమున్నోడని రాసి పంపితే మళ్ల ఏ ఏజెంటూ వీసా ఇయ్యడు బిడ్డా," అన్నాడు. "నాకు రోగం లేదు. డబ్బాకున్నది."

"ఆ మాట పానకాలరావుతోని అందాం పాండ్రి," అన్నాడు గణపతి.

హైదరాబాద్ డ్రైవర్ వజీర్ తలూపాడు. "అంటే ఏమైతది భాయ్? నీక్కూడా వీసా క్యాన్సిల్ కొడతడు. ఖల్లాస్."

"యాడికి పోతామప్పా? ఇంటికాడ ఏముండాది, వానా లేదు, పనీ లేదు," అన్నాడు కడప ఓబులేసు.

"ఒక్కన్ని పంపుతడు. నలభై మందిని పంపి డబ్బాలు ఎవలతోని ఎత్తిస్తడు? ఆయన ఎత్తుతడా? ఆయన పొట్టే ఆయనకు లేవది!" అన్నాడు గణపతి.

భూమయ్య కూడా నవ్వాడు, కడుపు పట్టుకుని. తర్వాత మెల్లగా అడిగాడు. "వజీరూ, ఓడ ఎప్పుడు పోతది?"

"రేపు రెండు గంటలకు. గేటు పాసు మీద రాసిచ్చిన్రు."

ఆ రెండు గంటలన్నది ఒక్కొక్కరికీ అర్థమవుతుంటే మొహాలు మారడం చూశాను. తిండి ఎక్కకపోతే ఓడ కదలదు. తిండి ఎక్కించేది ఈ చేతులే.

"కోటు ఎవలు తొడగద్దు," అన్నాడు భూమయ్య. "గంతే."

నేను మందులు మంచం మీద పెట్టాను. "మాటు నేర్పింది నేనే."

"ఏసింది నేను," అన్నాడు గణపతి. "మోసింది వీళ్లు. తిన్నది ముసలాయన. చేయించినోడొక్కడే సక్కగున్నడు."

శనివారం పొద్దున ప్రింటర్ దానంతటదే బాగైంది. ఒక కాగితం అచ్చేశాను: డబ్బాలకు మాటు ఎవరు వేయమన్నారో, ఎందుకో. మొదటి సంతకం నాది. కింద నలభై సంతకాలు, వేలిముద్రలు.

రేవులో టేబుల్ మీద డబ్బాలు పేర్చింది గణపతి. మాటు వేసినవన్నీ పైవరసలో, మాటు పైకి కనపడేలా. ఎండకు ఒక్కొక్కటీ మెరుస్తోంది. అధికారి ఒకదాని మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. ఇదేమిటని అడిగాడు.

"కంపెనీ మార్కు సార్," అన్నాడు పానకాలరావు.

తినమన్నాడు అధికారి. పానకాలరావు ఉతికిన కోటు ఓబులేసు చేతిలో పెట్టబోయాడు.

"నాకు కడుపులో జబ్బు సార్. ముందునుంచీ ఉండాది."

పక్కవాడికి చాచాడు. "నాగ్గూడ సార్. దాచిపెట్టి చేరిన."

కోటు నలభై మంది ముందునుంచీ నడిచింది. నలభై మందికీ జబ్బే. కడుపు మీద చేతులేసుకుని, పెద్దమనుషుల్లా, వరసగా. చివర్న వజీర్ లారీలోంచి భూమయ్య దిగాడు.

"మీరే తొడుక్కోండ్రి సార్. సరుకు మంచిదేనంటిరి గద."

అధికారి వాచీ చూసుకున్నాడు. పానకాలరావు కోటు తొడుక్కున్నాడు. గుండీలు కలవలేదు. డబ్బా విప్పితే వచ్చిన కంపుకి ముందువరస వెనక్కి జరిగింది. స్పూను పైకి లేచింది. గడ్డం దాకా వచ్చింది. అక్కడే ఆగింది. మూడేళ్లుగా నలభై మందిని శాసించిన ఆ చెయ్యి ఒక చేపముక్కను నోటిదాకా తీసుకెళ్లలేకపోయింది.

ఈ సరుకు వద్దని అధికారి ఫైలు మూసి ఓడ నిచ్చెనెక్కాడు.

పన్నెండున్నరకు, పానకాలరావు ఫోను చేస్తే, పోలీసు జీపొచ్చింది. ఆయన వేలు గణపతి వైపు చూపించింది. "వీడే! డబ్బాలు పాడుచేసింది వీడే!"

గణపతి జీపెక్కుతుంటే కాగితం వాడి జేబులో పెట్టాను. "పోలీసులకియ్యి. చివరిదాకా చదవమను."

"మీ పేరే ముందున్నది మేడం."

"తెలుసు."

జీపు కదిలింది. మిగిలినవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ నేల మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. సిమెంటు కాలిపోతోంది.

ఒంటిగంట దాటాక పానకాలరావు వచ్చాడు. గొంతులో మేనేజర్ లేడు.

"మంచి సరుకు తెప్పించానయ్యా, ఒట్టు. రెండింటికి ఓడ కదలాలి. మనం మనం తెలుగువాళ్లం. భూమయ్యా, నీ టికెట్టు చింపేస్తాను, చూడు."

నిజంగానే చింపాడు. భూమయ్య ఆ ముక్కల వైపు చూసి, తలపాగా సర్దుకున్నాడు.

"గణపతి వచ్చినంక లేస్తం."

"వాడు వేరే విషయమయ్యా!"

"కాదు సార్."

రెండు కొట్టింది. ఓడ పెద్దగా కూత పెట్టింది. ఒక్కరూ లేవలేదు. గుండీలు పట్టని తెల్ల కోటులో పానకాలరావు ఒక్కడే డబ్బాల దగ్గర నిలబడి ఉన్నాడు.