రేవు దగ్గర బుల్లి

గడియారం వెనక మూత ఊడదీసి, పాత సెల్లు పట్టకారుతో తీసి, కొత్తది కూర్చోబెట్టి, సెకన్ల ముల్లు కదిలిందో లేదో కంటికి బిగించిన భూతద్దంలోంచి చూసి, మూత నొక్కి, అద్దం తుడిచి ఇచ్చేశాడు. రెండు నిమిషాల పని. పొద్దుటి నుంచి ఇది తొమ్మిదో గడియారం. ఎన్నాళ్లు వస్తుందని అడిగింది గడియారం తాలూకు ఆవిడ. రెండేళ్లు ఢోకా లేదన్నాడు. ఆ మాట ముప్పై ఒక్క ఏళ్లుగా అంటూనే ఉన్నాడు, ఎవరూ వెనక్కి వచ్చి నిలదీసింది లేదు.

చెప్పుల కొట్టుకీ తాళాల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆయన కొట్టు. నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. బజారులో ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు లేరు, అందరికీ గడియారాలాయనే. బక్కపలచటి మనిషి. భూతద్దం బిగించీ బిగించీ కుడికంటి చుట్టూ చర్మం మీద ఒక వలయం శాశ్వతంగా ఉండిపోయింది. గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు, అలాగని సాధువు అనుకోనక్కర్లేదు, మాట్లాడే అవసరం పడలేదు అంతే.

ఆ బుధవారం పన్నెండింటికే కొట్టు కట్టేస్తుంటే, ఏం గురూ, లాటరీ తగిలిందా అని తాళాలాయన ఎకసెక్కం ఆడాడు. రేపు అక్కని ఆసుపత్రిలో చేర్చాలని చెప్పేసరికి నాలిక కరుచుకున్నాడు. కడుపులో గడ్డ. తీసేస్తే సరిపోతుందని పెద్ద డాక్టరు అన్నాడు, చూడాలి అని చిన్న డాక్టరు అన్నాడు. ఇద్దరిలో ఎవర్ని నమ్మాలో తెలియక గడియారాలాయన రెండు వారాలుగా సరిగ్గా నిద్రపోలేదు.

ఇక ఆయన పిచ్చి సంగతి చెప్పాలి. పిచ్చి లేని మనిషి ఉండడు కదా, ఈయనది పాత వీడియోగేములు. టీవీకి తగిలించి ఆడే పెట్టె, దాని నెత్తిన గుచ్చే అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ క్యాసెట్లు. వాటి కోసం ఎగబడి కొనేవాళ్లు ఇప్పుడు బోలెడుమంది. సీలు విప్పని డబ్బా కనిపిస్తే ఆస్తి రాసిచ్చేలా ఉంటారు. గడియారాలాయన దగ్గర సీలున్నది ఒక్కటీ లేదు. బొమ్మలు చిరిగిపోయినవి, మూలలు కొరికినవి, స్కెచ్ పెన్నుతో పేర్లు గీకినవి. ఒకసారి ఇలాంటివి పోగుచేసేవాడొకడు వచ్చి అర అంతా చూసి, ఇదంతా చెత్త కదండీ అని మొహం మీదే అనేసి వెళ్లాడు.

ఆయన వెతికేది ఒకటే: లోపల ఎవరి ఆటైనా మిగిలి ఉందా? ఆ రోజుల్లో కొన్ని క్యాసెట్లలో చొక్కా గుండీ అంత సెల్లు ఉండేది. ఆట సగంలో దాచుకుంటే, పెట్టె ఆపేశాక కూడా ఆ సెల్లే దాన్ని కాపాడుతుంది. ఇరవై ఏళ్లు, అదృష్టం బాగుంటే పాతిక. సెల్లు చచ్చిందా, ఆట తుడిచిపెట్టుకు పోతుంది. పాత సామాన్ల వాళ్ల దగ్గర గంపల్లో దొరికిన క్యాసెట్లను ఇంటికి తెచ్చి, ఒక్కొక్కటీ పెట్టెలో గుచ్చి చూసి, ఎవరైనా ఆగిపోయి ఉంటేనే అరలో పెట్టుకునేవాడు. పక్కన ఒక చీటీ. అమ్మినవాడు చెప్పినదాన్ని బట్టి ఒక నర్సుది: యుద్ధాలు చేయాల్సిన ఆటలో ఆమె తొంభై గంటలూ చేపలే పట్టింది. ఇద్దరు అన్నదమ్ములది: తమ్ముడు ఎప్పుడూ అన్న కన్నా ఒక మజిలీ వెనక. ఇంకొకటి ఎవరిదో తెలియదు, పేరు రాయాల్సిన చోట పచ్చి బూతు రాసిపెట్టాడు మహానుభావుడు. వాటిని చూస్తాడే తప్ప ఆడడు. ఒక్క అడుగు ముందుకి వేసినా అది ఇక వాళ్లది కాకుండా పోతుందని ఆయన భయం. ఒకప్పుడు అరవై దాకా ఉండేవి. సెల్లు చచ్చినవి అరలోంచి దిగిపోతూ దిగిపోతూ ఇప్పటికి ముప్పై ఏడు.

ముప్పై ఏడోది బుల్లిది. దానికి చీటీ లేదు.

బుల్లి అక్క కూతురు. బావ ఇంకో కాపురం పెట్టుకున్నాక, మూడేళ్ల పిల్లని చంకనేసుకుని అక్క తమ్ముడింటికి వచ్చేసింది. నాలుగు రోజులుండి పోతానంది, ముప్పై ఏళ్లు దాటింది. పెళ్లి మాట ఎత్తినవాళ్లందరికీ చూద్దాం అంటూ తమ్ముడు యాభై దాటించేశాడు. పిల్లకి పదేళ్లప్పుడు మామయ్యే ఆ పెట్టె కొనిచ్చాడు. మామయ్యా, నువ్వు ఆడు అంటే ఈయన ఆడి రెండు నిమిషాల్లో చచ్చేవాడు, పిల్ల పొట్ట పట్టుకుని నవ్వేది. పన్నెండో ఏట నాలుగు రోజుల జ్వరం. మొదటి రోజు సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుంటే ఆట దాచి, మిగతాది రేపు అని లేచింది. ఆ ఆటలో ఒక టోపీ కుర్రాడు ఊళ్లన్నీ తిరిగి చివరికి ఒక రేవు చేరి పడవ ఎక్కాలి. రేవు దాకా వచ్చి ఆగాడు. కుర్రాడికి పిల్ల తన ముద్దుపేరే పెట్టుకుంది. అరవై ఒక్క గంటల నలభై నిమిషాలు అని పక్కనే లెక్క.

ఆదివారం సాయంత్రాలు అక్క టీవీ ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆయన పెట్టె పెట్టేవాడు. తెర మీద రేవు, నీళ్లు, టోపీ పెట్టుకున్న బొటనవేలంత బొమ్మ. ఎవరూ మీట నొక్కకపోతే ఆ బొమ్మ కాసేపు అటూ ఇటూ చూసి, తల తిప్పి తెర బయటికి చూస్తుంది. అక్క దాని కోసమే కూర్చునేది. అది మగపిల్లాడి బొమ్మని ఆమెకి తెలియక కాదు. ఎండకి టోపీ పెట్టుకుంది అనేది. చూసింది చూసింది అనుకుని, ఇక ఆపెయ్ అని లేచి పనిలోకి పోయేది. ఇరవై రెండేళ్లుగా ఇంతే.

మొన్న ఆదివారం మొదటిసారి పెట్టినప్పుడు పేరు కనిపించలేదు. రెండోసారీ లేదు. మూడోసారి తీసి గుచ్చితే వచ్చింది. వంటింట్లో ఉన్న అక్కకి ఈ సంగతి తెలియదు. ఆమె పడుకున్నాక మీటరు పెట్టి చూస్తే, మూడు వోల్టులు చూపించాల్సిన సెల్లు రెండు దగ్గర వణుకుతోంది. ఆసుపత్రికి వెళ్లే ముందు ఒకసారి చూసి వెళ్తానని అక్క ముందే చెప్పి ఉంచింది. అందుకే బుధవారం పన్నెండుకే కొట్టు కట్టేశాడు. కొత్త సెల్లు వేసేసి, ఇక ఇరవై ఏళ్లు బెంగలేదక్కా, నువ్వు ధైర్యంగా వెళ్లిరా అని చెప్పాలని ఆయన ముచ్చట. ముందు చూపించి తర్వాత మార్చొచ్చు కదా అని ఆయనకి తోచలేదు. తోచి ఉంటే ఈ కథే లేదు.

ఆట పోకుండా సెల్లు మార్చే పద్ధతి ఒకటుంది. క్యాసెట్టు డొల్ల విప్పేసి, లోపలి పలకని పెట్టెలో గుచ్చి, కరెంటు ఇచ్చి ఉంచాలి. అప్పుడు ఆటని కరెంటే పట్టుకుని ఉంటుంది కాబట్టి పాత సెల్లు టంకం కరిగించి తీసి కొత్తది అతికించుకోవచ్చు. ఆ కాసేపూ కరెంటు మాత్రం పోకూడదు. నర్సుదీ అన్నదమ్ములదీ ఆయన అలాగే మార్చాడు. మొత్తం పదకొండు మార్చాడు, ఒక్కటీ చెడలేదు. బుల్లిది మాత్రం వచ్చే నెల, వచ్చే నెల అని వాయిదా వేస్తూ వచ్చాడు. కంప్యూటరు రిపేరు కుర్రాడొకడు దీన్ని నకలు తీసి పెడతానన్నాడు కూడా. నకలెందుకయ్యా, పిల్ల వేళ్లు పడింది దీనిమీద అని ఆయన కసురుకున్నాడు.

ముందుగదిలో బల్ల తుడిచి, పలక గుచ్చి, టీవీ పెట్టాడు. మొదటిసారికే పేరు వచ్చింది. టంకం కడ్డీ వేడెక్కింది. చెయ్యి వణకలేదు. ముప్పై ఏళ్ల చెయ్యి, వణుకుతుందా! పాత సెల్లు ఊడి వచ్చింది. తెర మీద రేవు అలాగే ఉంది, నీళ్లు కదులుతున్నాయి. కొత్త సెల్లు కోసం జేబు తడుముకున్నాడు.

చొక్కా మార్చుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికి రాగానే చెమట చొక్కా విప్పి కుర్చీ మీద వేశాడు, సెల్లు దాని జేబులో ఉంది. కుర్చీ మీద చొక్కా లేదు. అక్క రేపటికి ఇంట్లో ఒక్క మాసిన గుడ్డ మిగలకూడదని పొద్దుటి నుంచి ఉతుకుతూనే ఉంది, వద్దంటే వినదు. దొడ్డివైపు పరుగెత్తాడు. బకెట్లో నానుతున్న బట్టలన్నీ బయటికి లాగి, జేబు వెతికి, సెల్లు పొట్లం పట్టుకున్నాడు. ప్లాస్టిక్ పొట్లం, నీళ్లు చొరబడలేదు. హమ్మయ్య అనుకున్నాడు. ఆ మాట నిజంగా పైకే అన్నాడు.

ముందుగదిలోకి వచ్చేసరికి టీవీ తెర నల్లగా ఉంది. అక్క గోడ దగ్గర కరెంటు మీటల ముందు నిలబడి ఉంది. మూడు మీటలూ పైకి లేచి ఉన్నాయి. గదిలో మనిషి లేకపోతే ఏ మీటా వేసి ఉంచకపోవడం ఆమెకి చిన్ననాటి అలవాటు. అందులోనూ బల్ల మీద పొగలు కక్కుతున్న కడ్డీ.

“కాలే కడ్డీని అలా వదిలేసి పోతావురా? రేపు నేను ఇంట్లో లేకపోతే కొంప అంటించేస్తావు నువ్వు.”

ఆయనకి కోపం వచ్చింది. అక్క మీదే వచ్చింది, దాచడం ఎందుకు. ఒక్క క్షణం, నీ కూతుర్ని నువ్వే చంపుకున్నావే అన్నంత మాట గొంతు దాకా వచ్చింది. అక్క తడిచేతులు తుడుచుకుంటోంది. ఈ రెండు నెలల్లో మణికట్లు మరీ సన్నబడ్డాయి. మర్చిపోయానక్కా, బుద్ధి లేక వెళ్లాను అన్నాడు. సరే సరే అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

కొత్త సెల్లు అతికించాడు. ఎందుకు అతికించాడో ఆయనకే తెలియదు. మీటలు వేసి చూశాడు. కొత్త ఆట మొదలుపెట్టమని, పేరు రాయమని తెర అడిగింది. ఆపి మళ్లీ పెట్టాడు. పలక తీసి తుడిచి మళ్లీ గుచ్చాడు. ఎన్నిసార్లు పెట్టినా పేరు రాయమనే అడిగింది. చివరికి బల్ల మీద తల ఆనించి, లోపలికి వినపడకుండా ఏడ్చాడు. పిల్ల పోయిన రోజున ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెడుతూ తిరిగినవాడికి అప్పుడు ఏడవడానికి తీరిక దొరకలేదు.

సాయంత్రం అక్క సంచీ సర్దుకుని, తల దువ్వుకుని, కుర్చీ తెచ్చి టీవీ ముందు వేసుకుంది.

“ఏదీ, ఒకసారి చూపించు.”

“కొత్త సెల్లు వేశానక్కా. వారం దాకా కదిలించకూడదు.”

అక్క ఆయన మొహంలోకి చూసింది. “ఉందిగా?”

“ఉంది.”

“అయితే వచ్చాకే చూస్తాలే. ఎక్కడికి పోతుంది,” అంది. కుర్చీ తీసి గోడవార పెట్టింది.

పొద్దున్నే ఆసుపత్రిలో చేర్చాడు. పరీక్షలకే మూడు రోజులు పట్టింది. పగలు అక్క దగ్గర, సాయంత్రం ఆడవాళ్ల వార్డులోంచి మగవాళ్లని పంపేశాక ఇంట్లో. ఇంటికి రాగానే పెట్టె ముందు కూర్చునేవాడు. బుల్లి అని పేరు రాసి ఆట మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఎలాగైనా రేవు చేర్చాలి. అక్క వచ్చేసరికి ఆ బొమ్మ అక్కడ నిలబడి తల తిప్పి చూడాలి, అంతే. గంటల లెక్క తేడా ఆమె చూడదు. కానీ ఆయనకి ఆట రాదు. ప్రతి గుంతలోనూ పడ్డాడు, ప్రతి కుక్కా కరిచింది. నాలుగు సాయంత్రాల్లో రెండో ఊరు దాటలేదు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మర్నాడు కాస్త టీ అడిగింది. ఆయన కిందికి వెళ్లి వేడిగా పట్టుకుని పైకి వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. చిన్న డాక్టరు బయటికి వచ్చి, సారీ అండీ అన్నాడు. టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన చాలాసేపు దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

సామాను తీసుకుంటుంటే పక్కమంచం ఆవిడ కళ్లు ఒత్తుకుంటూ పలకరించింది. నాలుగు రోజులూ మీ అక్కగారు ఇంట్లో ఉన్న పాప ముచ్చటేనండీ అంది. రేవు దగ్గర నిలబడి ఉంటుందట, ఈవిణ్ణి చూడందే కదలదట.

“పాపకి ఎలా చెబుతారండీ?”

“చెబుతానండీ,” అన్నాడు.

మందుల అర ఖాళీ చేస్తూ ఆవిడ ఇంకో వస్తువు అందించింది. పరీక్షల కోసం కిందికి తీసుకెళ్లిన రోజున అక్క అక్కడి అద్దాల కొట్లో చేయించుకుందట. ఈమధ్య పాప మొహం మసకగా కనిపిస్తోంది, ఈసారి ఇంటికి వెళ్లి సరిగ్గా చూసుకోవాలి అని నర్సు చేత మరీ తొందరపెట్టి తెప్పించుకుందట. ఆయన డబ్బా తెరిచాడు. కొత్త కళ్లజోడు, కాళ్లు రెండూ మడిచే ఉన్నాయి, ఎడమ అద్దం మీద కొట్టువాడు అంటించిన చిన్న కాగితం ముక్క ఇంకా ఊడలేదు.