ఓనర్ వేలు

వెనక వీధిలో ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. సైకిలు, ఇస్త్రీపెట్టె పోయాయి. పోగొట్టుకున్నవాళ్లు రెండు రోజులు బాధపడి ఊరుకున్నారు. ఈ వీధిలో ఉన్న జాగ్రత్తరావుకు మాత్రం మూడు వారాలు మనసు మనసులో లేదు.

జాగ్రత్తరావు అతని అసలు పేరు కాదు. బస్సెక్కే ముందు చొక్కా జేబుకు పిన్నీసు పెట్టుకోవడం, గ్యాస్ కట్టేశానా లేదా అని సగం దారి నుంచి వెనక్కి రావడం చూసి వీధివాళ్లు పెట్టారు. అతను ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. కింద నలుగురు గుమాస్తాలు. ఆ నలుగురూ మూడు వారాలు పని మాని తాళాల గురించి విన్నారు. ఆఫీసు కాగితం మీద గళ్లు గీసి అతను పదకొండు కంపెనీల తాళాలు, ఆరు రకాల కెమెరాలు, నాలుగు రకాల సైరన్లు పోల్చాడు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎప్పుడు వస్తారు అన్నదానికి ఆ కాగితంలో గడి లేదు.

"మనింట్లో ఏముందని?" అంది భార్య. "టీవీకి తొమ్మిదేళ్లు. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే పిడి చేతికొస్తుంది. దొంగే జాలిపడి ఏదో ఒకటి పెట్టి పోవాలి."

"నీకు తెలీదులే."

ఇరవై నాలుగేళ్లుగా అతని దగ్గరున్న వాదన అదొక్కటే.

ఎంచుకున్నది వేలిముద్ర తాళం. పైన కెమెరా, పక్కన సైరన్. శనివారం మెకానిక్ వచ్చాడు. ముప్పై ఏళ్లు మామూలు తాళాలు బాగుచేసి ఈ పనిలోకి మారినవాడు.

"తాళంచెవి కన్నం ఉన్నది కూడా ఇదే ధర సార్. ఎప్పుడైనా అవసరం పడితే..."

"కన్నం పెట్టామంటే దొంగను రమ్మన్నట్టే" అన్నాడు జాగ్రత్తరావు. ఆ మాట ఆఫీసులో అప్పటికి నాలుగుసార్లు వాడాడు.

మెకానిక్ బిగించాడు. మొదట పెట్టిన వేలే ఓనర్ వేలు అని చెప్పాడు. జాగ్రత్తరావు బొటనవేలు చొక్కాకు తుడుచుకుని పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. కాలేజీలో చదివే కూతురు పెట్టింది. పచ్చదీపం. భార్య పెట్టింది. ఎర్రదీపం.

చూపుడువేలు పెట్టింది. ఎర్రదీపం. పది వేళ్లూ అయ్యాయి.

"చేతులు కడుక్కురా, తెలుస్తుంది" అన్నాడు భర్త. కడుక్కొచ్చింది. మళ్లీ పది వేళ్లు, మళ్లీ పదిసార్లు ఎరుపు.

మెకానిక్ ఆమె బొటనవేలిని కిటికీ వెలుతురులో చూశాడు. "ఏం పని చేస్తారమ్మా?"

"బైండింగు. ప్రెస్సులో ఫారాలు మడతపెడతాను. ఇరవై రెండేళ్లు."

అచ్చయిన పెద్ద కాగితాన్ని, అంటే పుస్తకం ఫారాన్ని, మడిచాక అంచును బొటనవేలితో నొక్కి రాస్తారు. రోజుకు రెండు వేల మడతలు.

"మిషన్ తప్పు లేదు సార్. వేళ్లమీద గీతలు అరిగిపోయాయి. అమ్మగారికి కోడ్ పెడదాం. ఆరంకెలు."

"కోడా? మధ్యాహ్నానికల్లా ప్రెస్సంతా చెప్పేస్తుంది."

"పోనీ కార్డు?"

"మూడు గొడుగులు పారేసుకుంది ఈవిడ."

"రెండు" అంది భార్య. "మూడోది మీరు."

"నాన్నా, అమ్మ కదా..." అంది కూతురు.

"నువ్వూరుకో."

అతను తేల్చింది ఇది. ఆమె రెండింటికి పని నుంచి వచ్చి తనకు ఫోన్ చేయాలి. తను ఆఫీసు నుంచే తన ఫోన్లో నొక్కి తలుపు తీస్తాడు.

"నా ఇంట్లోకి రావాలంటే మీ పర్మిషన్ కావాలన్నమాట."

"పర్మిషనేంటి? సెక్యూరిటీ."

సోమవారం రెండు దాటి అయిదు నిమిషాలకు ఆమె వచ్చింది. ఏడుసార్లు ఫోన్ చేసింది. అతను మీటింగులో ఉన్నాడు, ఎత్తలేదు. కూతురు క్లాసులో ఉంది, అయిదుకు గాని రాదు. ఆమె ఎండకు తలమీద తువ్వాలు కప్పుకుని మెట్టుమీద కూర్చుంది.

రెండు నలభైకి కెమెరా అతనికి ఫొటో పంపింది: ఎవరో తలుపు దగ్గర అరగంటగా కదలడం లేదు. భార్య ఫోన్లు ఎత్తనివాడు ఇది మాత్రం బల్ల కింద పెట్టుకుని చూశాడు. తువ్వాలు చూశాడు. ఇరవై నాలుగేళ్లు ఒక కప్పు కింద ఉన్న మనిషిని పోల్చుకోలేదు. సైరన్ నొక్కాడు.

వీధి వీధంతా బయటికొచ్చింది.

"ఏంటొదినా, దొంగ దొరికాడా?" అని అరిచింది ఎదురింటావిడ.

"దొరికాడు! నేనే!" అని ఈమె అరిచింది.

పక్కింటాయన ఫోన్ చేసి చెబితే జాగ్రత్తరావుకు సంగతి తెలిసింది. సైరన్ ఆపబోతే ఫోన్ స్తంభించింది. ఆఫీసు ఫోన్ నుంచి చెప్పి మెకానిక్‌ను పరిగెత్తించాడు. మెకానిక్ పన్నెండు నిమిషాల్లో వచ్చి ఆరంకెలు నొక్కాడు. మోత ఆగింది. తలుపు తెరుచుకుంది.

ఆమె మెట్టుమీంచి లేవలేదు.

"అన్నయ్యా, నువ్వు మా ఇంటికి ఎన్నిసార్లొచ్చావు?"

"ఇది రెండోసారమ్మా."

"నువ్వు తీయగలవు. నేను తీయలేను."

మెకానిక్ ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "అది సర్వీసు కోడ్. మీకు చెబుతాను, రాసుకోండి."

"వద్దు. నా ఇంట్లోకి నీ కోడుతో పోనా? ఆ తాళం ఊడదీసెయ్."

"ఓనర్ వేలు పడితేగాని ఊడదమ్మా."

"తలుపుకో?"

మెకానిక్ తలుపు బందుల వైపు చూశాడు. "తలుపుకు ఎవరి వేలూ అక్కర్లేదు" అని స్క్రూడ్రైవర్ తీశాడు.

ఆరింటికి జాగ్రత్తరావు ఇల్లు చేరాడు. గుమ్మం ముందు ఆగిపోయాడు.

"తలుపేదే?"

"మంచం మీద పడుకోబెట్టాను. అంత పెట్టి తాళం కొన్నారు, బయటుంటే ఎవరైనా ఎత్తుకుపోతారని."

"నీకేమైనా పిచ్చా? ఎవడైనా వస్తే?"

"రానివ్వండి. నేనూ వచ్చాగా, ఎవరికీ ఫోన్ చేయకుండా."

మెకానిక్‌కు ఫోన్ చేశాడు. బుధవారం గాని ఖాళీ లేదన్నాడు, అదీ అమ్మగారు రమ్మంటేనే అన్నాడు. జాగ్రత్తరావు కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసుకున్నాడు. మర్నాడు ఆరోగ్యం బాగాలేదని సెలవు పెట్టి అదే కుర్చీలో కూర్చున్నాడు. వీధిలో పోయేవాళ్లు ఒకరొకరుగా ఆరోగ్యం ఎలా ఉందని అడిగి పోయారు.

రెండు దాటి అయిదు నిమిషాలకు ఆమె ప్రెస్సు నుంచి వచ్చింది. కుర్చీ దారికి అడ్డంగా ఉంది.

"జరగండి."

కుర్చీతో సహా జరిగాడు. ఆమె లోపలికి పోయి నీళ్లు తాగింది.

"రేపు కన్నం ఉన్నదే పెట్టిస్తాలే" అన్నాడు గుమ్మంలోంచి. "నీకూ ఒక తాళంచెవి ఇస్తాను."

"తొందరేం లేదు" అంది లోపల్నుంచి. "ఆ తలుపుకంటే మీరే నయం. చెబితే జరుగుతారు."