ఎవరి ఎంగిలి?

హైదరాబాద్ నుంచి వచ్చిన ఉపాధి కేంద్రం వాళ్ల లెక్క సులువు. ఊరికో కొత్త యూనిట్ పెట్టిస్తారు. ఒకచోట ఊదుబత్తి, ఇంకోచోట సబ్బు, యాదగిరిగుట్టకు దగ్గరున్న మా ఊళ్లో మోదుగాకు విస్తర్లు. మిషన్ వాళ్లది, షెడ్డు కిరాయి వాళ్లది, కొనేవాళ్లను చూపించేదీ వాళ్లే. చెమట మాత్రం మనది. నిలదొక్కుకున్నదాంట్లో సగం వాటా పట్టుకుంటారు, నిలవనిదాన్ని ఎత్తి ఇంకో ఊళ్లో పెడతారు. దీన్ని సాయం అంటారు.

మా యూనిట్‌కు యజమానులు ఇద్దరు, జాహేదా, నర్సింగమ్మ. రెండు విస్తర్లను ఒకదాని మీద ఒకటి పెట్టి వేడి అచ్చులో నొక్కితే పప్పుచారు పోసినా కారదన్న ఆలోచన జాహేదాది. అది నచ్చే కేంద్రం వాళ్లు మిషన్ దించారు. మొగుడు చచ్చిన నర్సింగమ్మ కూలికి పోకుండా ఇద్దరు పిల్లలను సాకుతున్నది ఆ మిషన్ మీదనే.

రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం కేంద్రం మేనేజర్ మధుసూదన్ జీపు దిగాడు. జాహేదా షెడ్డు వెనక ఎండాకుల కట్టల మీద నీళ్లు చల్లుతోంది. నర్సింగమ్మ పెదాల సందున చీపురుపుల్లలు పెట్టుకుని, ఒక్కొక్కటే తీస్తూ ఆకులు కుడుతోంది. మేనేజర్ ఆమె ముందు కొత్త ఒప్పందం కాగితం పరిచాడు. అందులో యజమాని ఆమె ఒక్కతే.

"గుట్ట మీద ఒక పెద్ద సత్రం వాళ్లు ఏడాది పొడుగునా మన విస్తర్లే కొంటామంటున్నారు. భక్తులు తినే ఆకులు. ఎవరు కుట్టారని రేపు అడిగితే ఇబ్బంది కదా, నర్సింగమ్మా."

"ఎవరన్న అడిగిన్రా?" పుల్లలు కదలకుండా మాట్లాడటం ఆమెకు అలవాటే.

"అడగకముందే చూసుకోవాలి. వ్యాపారమంటే అదే. మైల, ఎంగిలి, జనానికి పట్టింపులుంటాయి."

"మరి జాహేదాను ఏం జెయ్యమంటవు సారూ?"

"కూలికి ఇంట్లో కుట్టమను. పేరు మాత్రం వద్దు. నువ్వు కాదంటే మిషన్ తిరుమలగిరి పోతుంది. అక్కడ మనుషులు సిద్ధంగా ఉన్నారు."

జాహేదా తడిచేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది.

"ఏలిముద్ర ఎయ్యక్కా," అంది. "నాకేం ఫికర్ లేదు. మిషనన్న ఉంటది."

"నువ్వు జర నోర్మూస్కో."

"పిల్లలకు ఏం పెడ్తవు మరి?"

నర్సింగమ్మ సిరా డబ్బా వైపు చెయ్యి చాపింది. మేనేజర్ కాగితాన్ని ముందుకు జరిపాడు. అప్పుడామె నోట్లోని పుల్లలు తీసి ఆ కాగితం మీద పెట్టింది.

"ఎంగిలంటివి గద సారూ, గిదిగో సూడు. కుట్టెటోళ్లందరం పుల్లలు నోట్లెనే పెట్టుకుంటం. మా అవ్వ గట్లనే కుట్టింది, నేనూ గంతే. గా పిల్ల రోజా ఉన్నది. పొద్దుగూకేదాంక నోట్లె పుల్ల గూడ పెట్టదు, కొప్పుల గుచ్చుకుంటది. గీ నెల ఎంగిలిగాని ఇస్తరి ఏదన్న ఉంటె గది ఆమె కుట్టిందే. నా పేరు కొట్టేసి ఆమె పేరు రాయి."

మేనేజర్‌కు గుట్ట మీద విస్తట్లో తిన్న భోజనం గుర్తొచ్చిందో ఏమో, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"ఈ మాట బయటికి పోతే ఒక్క విస్తరి అమ్ముడుపోదు, తెలుసా?"

"తెలుసు."

"అయితే మీ కర్మ."

మర్నాడు ట్రాక్టర్ వచ్చింది. మిషన్‌తో పాటు జాహేదా ఆలోచన కూడా దాని మీదే పోయింది. తిరుమలగిరిలో అది కేంద్రం వాళ్ల ఆలోచన అవుతుంది. ఊళ్లో ఒక్కడూ అడ్డం పడలేదు. పైగా హోటల్ బీరన్న అరుగు మీద నుంచే అరిచాడు: "ఏలిముద్రేస్తే ఏలు అరిగిపోవునా నర్సింగమ్మా?"

ఖాళీ షెడ్డులో తడిపిన ఆకులు మిగిలాయి. కుట్టకపోతే బూజు పడతాయి. ఇద్దరూ కూర్చున్నారు.

"ఎందుకు జేసినవక్కా గిట్ల?"

"నీ పేరు కొట్టేసినోనికి రేపు నా పేరు కొట్టేయనీకె ఎంతసేపు?"

ఆ మాట గట్టిగానే అంది గాని ఆమె చూపు బాట మీదే ఉంది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది. పుల్లలు తీసి అలవాటుగా నోటిదాకా తెచ్చింది. ఆగింది. కొప్పులో గుచ్చుకుని ఆకు అందుకుంది.